ఇటలీ ఫ్యాక్టరీల్లో పుట్టిన అటానమిస్టు మార్క్సిజం మిగతా దేశాల్లో ఎవరికి ఏం పనికొచ్చింది?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. యూనివర్సిటీలో మీ మిత్రులు ఇటలీ తత్వవేత్త ఆంటోనియో నెగ్రీ, అమెరికన్ మైఖేల్ హార్ట్ కలిసి రాసిన పుస్తకాలు చదివి "అటానమిస్టు మార్క్సిజం ప్రపంచమంతటా ఉద్యమాల దారి మార్చేసింది" అంటున్నారు, అది నిజమేనా, నిజమైతే ఏ దేశంలో ఎంత? మన దగ్గర ఆ పేరే ఎందుకు వినపడదు? మీరు నలుగురైదుగురు కలిసి పారిశ్రామికవాడలో ఏదైనా పని మొదలుపెట్టాలనుకుంటున్నారు, దానికి ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

ముందు నా గురించి కాస్త చెప్తాను, నా మాట ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. హైదరాబాద్ శివార్లలో మందుల ఫ్యాక్టరీల మధ్య పన్నెండేళ్ళు యూనియన్ కార్యకర్తగా తిరిగాను. ఆ తర్వాత నాలుగేళ్ళు ఢిల్లీలో అనువాదాలు చేసుకుంటూ బతికాను. ఫరీదాబాద్, మానేసర్ వైపు వెళ్ళిరావడం అప్పుడే అలవాటైంది. ఈ కథంతా మొదలైన ఇటలీ నగరం టూరిన్ ఒక్కసారి చూశాను, పది రోజులు. ప్రొఫెసర్ని మాత్రం కాను.

సూటిగా చెప్తే: ప్రభావం ఉంది. కానీ మీ మిత్రులు అంటున్నంత లేదు, వాళ్ళు చూపిస్తున్న చోటా లేదు. పార్టీగానో, అంతర్జాతీయ సంస్థగానో ఇది ఎక్కడా నిలవలేదు. ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో ముక్క పట్టుకుపోయారు. జర్మనీ వాళ్ళు పేరు పట్టుకుపోయారు. అర్జెంటీనాలో కొందరు కలిసి పరిశోధన చేసే పద్ధతి తీసుకున్నారు. స్త్రీల ఉద్యమాలు ఇంటిపని గురించిన వాదన తీసుకున్నాయి, నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్ళింది అదే. షిఫ్టు వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి "నిన్న లోపల ఏం జరిగింది?" అని అడిగే అలవాటు పట్టుకున్నవాళ్ళకి అది ఈరోజుకీ పనికొస్తోంది. మాటలు మాత్రం పట్టుకున్నవాళ్ళకి సెమినార్లు మిగిలాయి.

పేరు దగ్గరే ఒక గందరగోళం ఉంది, అది తీర్చేసి ముందుకెళ్దాం. అటానమీ అనగానే మనకి స్వయంప్రతిపత్తి, కొండ ప్రాంతాల కౌన్సిళ్ళు గుర్తొస్తాయి. ఒక డిగ్రీ లెక్చరర్ గారైతే అటానమస్ కాలేజీలకీ దీనికీ సంబంధం ఏమిటని నన్ను నిజంగానే అడిగారు. ఇక్కడ అటానమీ అంటే కార్మికులు పెట్టుబడి నుంచి, అవసరమైతే తమ పేరు చెప్పుకునే పార్టీ నుంచి, యూనియన్ నుంచి కూడా వేరుగా, తమకి తాముగా కదలడం. ఇది అరాచకవాదం కాదు. వీళ్ళు మార్క్స్‌ని వదల్లేదు, నిజానికి క్యాపిటల్‌ని వీళ్ళు చదివినంత పట్టుదలగా చదివినవాళ్ళు తక్కువ.

మనం చదువుకున్న కథలో పెట్టుబడి ముందు కదులుతుంది, కార్మికులు దాని దెబ్బకి తిరగబడతారు. ఈ ధోరణికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన ఇటలీ మార్క్సిస్టు మారియో ట్రోంటి 1964లో ఈ వరస తిరగేశాడు. ముందు కదిలేది కార్మికులు. వాళ్ళని తట్టుకోవడానికి పెట్టుబడి యంత్రాలు మారుస్తుంది, ఫ్యాక్టరీని ఇంకో ఊరికి తీసుకుపోతుంది, కాంట్రాక్టు పద్ధతి తెస్తుంది. వినడానికి మాటల గారడీలా ఉంటుంది. నేనూ అలాగే అనుకున్నాను, ఒక సెంట్రిఫ్యూజ్ మెషిన్ నా కళ్ళు తెరిపించేదాకా. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఇది ఇటలీ సరుకే అనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. దీని మొదటి విత్తనం అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో ఉంది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన సి.ఎల్.ఆర్. జేమ్స్, ఆయనతో పనిచేసిన రాయా దునయెవ్‌స్కయా, గ్రేస్ లీ బృందం 1947లో ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో సగం జనరల్ మోటార్స్ కార్మికుడొకరు మారుపేరుతో రాసిన తన రోజువారీ కథ. దాన్ని పారిస్‌లో కాస్తోరియాడిస్ అనే ఆలోచనాపరుడి బృందం తమ పత్రికలో ఫ్రెంచిలో వేసుకుంది. అక్కడి నుంచి 1950ల్లో ఇటాలియన్‌లోకి వెళ్ళింది. అంటే డెట్రాయిట్ నుంచి పారిస్, పారిస్ నుంచి టూరిన్. 1968లో డెట్రాయిట్ డాడ్జ్ ఫ్యాక్టరీలో నల్లజాతి కార్మికులు యూనియన్‌ని పక్కనపెట్టి సొంతంగా సంఘం పెట్టుకుని సమ్మెలు చేసినప్పుడు, ఇటలీ వాళ్ళు ఆ వార్తల్ని చుట్టాలింటి ఉత్తరాల్లా చదువుకున్నారు. రాకపోకలు రెండువైపులా ఉన్నాయి.

ఇక టూరిన్. 1961లో రనియేరో పాంజియేరి అనే సోషలిస్టు "క్వాదెర్ని రోస్సి", అంటే ఎర్ర నోటుపుస్తకాలు, అనే పత్రిక మొదలుపెట్టాడు. ట్రోంటి, నెగ్రీ, రొమానో అల్క్వాతి అందులోనే తయారయ్యారు. నాకు వీళ్ళలో ఇష్టమైనవాడు అల్క్వాతి. ఫియట్ కార్ల ఫ్యాక్టరీ, ఒలివెట్టి టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ కార్మికులతో కూర్చుని, పని ఎలా సాగుతుందో, ఎక్కడ చిక్కుతుందో, ఎవరు ఎవరికి సైగ చేస్తారో రాసుకున్నాడు. ప్రశ్న వేసేవాడు, జవాబు చెప్పేవాడు అనే తేడా లేకుండా ఇద్దరూ కలిసి పరిశోధించాలన్నది వాళ్ళ పట్టుదల. కొత్తదేమీ కాదు, మార్క్స్ 1880లో ఫ్రెంచి కార్మికుల కోసం సుమారు వంద ప్రశ్నలు తయారుచేశాడు. ఆ జాబితా దుమ్ము దులిపింది వీళ్ళు.

వీళ్ళు గేటు దగ్గర చూసింది ఏమిటంటే, యూనియన్ ఆఫీసులో ఉన్న కార్మికుడు వేరు, లైను మీద ఉన్న కార్మికుడు వేరు. యూనియన్‌లో ఉన్నది చేతిలో పనితనం ఉన్న ఉత్తరాది వాళ్ళు. లైను మీద కొత్తగా చేరింది దక్షిణ ఇటలీ పల్లెల కుర్రాళ్ళు. వాళ్ళకి టూరిన్‌లో "దక్షిణాది వాళ్ళకి అద్దెకివ్వం" అనే బోర్డులు ఎదురయ్యేవి. ఒకే మంచంలో షిఫ్టుల వారీగా ముగ్గురు పడుకున్న కాలం అది. పని మీద గౌరవం, పార్టీ మీద భక్తి వాళ్ళకి లేవు. వీళ్ళు సమ్మెకి రారు, వీళ్ళకి చైతన్యం లేదు అని పాతవాళ్ళ ఫిర్యాదు. 1962 జూలైలో ఒక యూనియన్ ఫియట్‌తో విడిగా ఒప్పందం చేసుకుంటే, పియాజ్జా స్టాటుటో అనే కూడలిలో ఉన్న దాని ఆఫీసుని జనం మూడు రోజులు ముట్టడించారు. కమ్యూనిస్టు పార్టీ వాళ్ళని రెచ్చగొట్టుడుగాళ్ళంది. అల్క్వాతి బృందం మాత్రం అప్పటికే ఆ కుర్రాళ్ళతో మాట్లాడి ఉంది.

1969కి ఫియట్ మిరాఫియోరి ఒక్క ప్లాంటులోనే 50,000 మంది దాకా ఉన్నారు. ఆ వేసవిలో అక్కడ జరిగిన సమ్మెల తీరు చూడండి. అందరూ ఒకేసారి బయటికి రారు. ఈ గంట పెయింట్ షాపు ఆగుతుంది, వచ్చే గంట ప్రెస్ షాపు. మధ్యలో ఉన్నవాళ్ళు పని లేక కూర్చుంటారు, కానీ జీతం కోసేది ఆగినవాళ్ళకే. ఇంకోరోజు డబ్బాలు వాయించుకుంటూ ఫ్యాక్టరీ లోపలే ఊరేగింపు. పోయేకొద్దీ ఒక్కో షాపువాళ్ళు కలుస్తారు. డిమాండ్ కూడా మారింది: గ్రేడుల వారీగా శాతాలొద్దు, అందరికీ సమానంగా ఇంత పెంచు. జూలై 3న అద్దెల మీద యూనియన్లు సమ్మె పిలుపిచ్చిన రోజు, మిరాఫియోరి గేటు నుంచి కదిలిన ఊరేగింపు కోర్సో త్రయానో వీధిలో పోలీసులతో రాత్రిదాకా యుద్ధమై నడిచింది. "ఏం కావాలి? అన్నీ కావాలి!" అన్న నినాదం ఆ రోజులదే. ఏడాది చివరికి లోహ కార్మికుల ఒప్పందంలో అందరికీ సమానమైన పెంపు, దశలవారీగా వారానికి 40 గంటల పని వచ్చాయి. ఒప్పందం మీద సంతకాలు యూనియన్లవే. మా అటానమిస్టు మిత్రులు ఈ సంగతి చెప్పడం కొంచెం మర్చిపోతుంటారు.

నేను టూరిన్‌లో ఆ గేటు చూడ్డానికి వెళ్ళాను. ఐదో నంబరో ఎన్నో, రోడ్డు వెడల్పుగా, ఖాళీగా ఉంది. బస్టాపులో ఒక ముసలాయన పెరూ నుంచి వచ్చిన ఒకావిడకి దారి చెప్తున్నాడు. ఫోటో తీయడానికి కూడా ఏమీ లేదు.

ఇప్పుడు మా సెంట్రిఫ్యూజ్ కథ. 1990ల చివర్లో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో మా యూనియన్ ఉండేది, పేరెందుకులెండి. పర్మనెంట్ ఆపరేటర్లు 60 మంది, అందరూ మా సభ్యులే. కాంట్రాక్టు హెల్పర్లు 140 మంది, ఒక్కరూ కాదు. జీతాల ఒప్పందం మీద మూడు రోజులు సమ్మె చేశాం. రియాక్టర్ల దగ్గర మావాళ్ళు లేకపోతే బ్యాచ్ ఆగిపోతుందని మా ధీమా. సూపర్‌వైజర్లు కూర్చుని వాల్వులు తిప్పుకున్నారు, బ్యాచ్ ఆగలేదు. తలదించుకుని లోపలికెళ్ళాం.

ఆ తర్వాత ఢిల్లీ మిత్రుడొకడు పంపిన ఇంగ్లీషు కరపత్రం ఒకటి చదివి, ఉత్సాహంగా 64 ప్రశ్నల జాబితా తయారుచేసి హెల్పర్ల గదులకి వెళ్ళాను. జీతమెంత, పీఎఫ్ కడుతున్నారా, ఈఎస్ఐ కార్డుందా. వాళ్ళు మర్యాదగా, నాకు ఏ జవాబు కావాలో అదే చెప్పారు. నలభయ్యో ప్రశ్న దగ్గర బరంపురం వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడికి విసుగొచ్చింది. ఆ కాగితం లాక్కుని వెనక్కి తిప్పి ప్లాంటు బొమ్మ గీశాడు. "మీరు ఇక్కడ నిలబడ్డారన్నా," అని రియాక్టర్ చూపించాడు. "ఆగేది ఇక్కడ," అని సెంట్రిఫ్యూజ్ చుట్టూ సున్నా చుట్టాడు.

తెలియనివాళ్ళ కోసం: రియాక్షన్ అయ్యాక చిక్కటి ద్రవం సెంట్రిఫ్యూజ్‌లోకి దిగుతుంది. అది గిర్రున తిరిగి సాల్వెంట్‌ని బయటికి తోసేస్తుంది, లోపల తడి ముద్ద మిగులుతుంది. ఆ ముద్దని మనిషి వంగి, పారతో తీసి, ట్రేల్లోకి ఎత్తి డ్రయర్‌కి పంపాలి. అది హెల్పర్ పని. అతను నెమ్మదిస్తే వెనక ద్రవం నిలిచిపోతుంది, రియాక్టర్ ఖాళీ కాదు, తర్వాతి బ్యాచ్ ఎక్కదు. "సాల్వెంట్ వాసనకి తల పట్టేసిందనుకో, ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకుంటాం. ఆ రోజు రెండు దిగేచోట ఒకటే దిగుద్ది." ఏళ్ళ తరబడి ఇది నడుస్తోంది. యూనియన్‌కి తెలీదు. సభ్యత్వం లేదు, నాయకుడు లేడు, నినాదం లేదు, కానీ ఉత్పత్తి సగానికి దించే ఏర్పాటు ఉంది.

ఇటలీ వాళ్ళు వర్గ కూర్పు అనే మాటతో చెప్పేది ఇదే. కార్మికవర్గం అంటే ఒక ముద్ద కాదు. ఏ యంత్రం చుట్టూ ఎవరున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి చేతిలో ఏది ఆగుతుంది అన్నదాన్నిబట్టి పోరాటం రూపం మారుతుంది. అది చూడకుండా పాత రూపాన్ని కొత్త మనుషుల మీద రుద్దితే మా మూడు రోజుల సమ్మెలా అవుతుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను సంబరపడిపోయి వచ్చే చర్చల్లో సెంట్రిఫ్యూజ్ సెక్షన్ డిమాండ్లు విడిగా పెట్టించాను. మాస్కులు వచ్చాయి, రోజుకో పాల ప్యాకెట్ వచ్చింది. దాంతో పాటు ఆ సెక్షన్‌లో ఏదో ఉందని మేనేజ్‌మెంట్‌కి కూడా తెలిసింది. తర్వాతి నెల కాంట్రాక్టర్ ఇద్దరు హెల్పర్లని పనికి పిలవలేదు. బొమ్మ గీసిన కుర్రాడు అందులో ఒకడు. ఏడాది తిరక్కుండా ముద్దని కింది నుంచి దానంతటదే దించేసే కొత్త సెంట్రిఫ్యూజ్‌లు వచ్చాయి, ఆ సెక్షన్‌లో మనుషులు సగమయ్యారు. ట్రోంటి తిరగేసిన వరస నాకు అప్పుడు అర్థమైంది. ఫియట్‌లో కూడా అంతే: 1970ల చివర్లో వెల్డింగ్ రోబోలు వచ్చాయి, 1980లో 35 రోజుల సమ్మె వోడిపోయింది, అక్టోబర్ 14న ఫోర్‌మన్లు, ఆఫీసు సిబ్బంది సమ్మెకి వ్యతిరేకంగా చేసిన ఊరేగింపు "నలభై వేల మంది ఊరేగింపు"గా చరిత్రకెక్కింది. మిరాఫియోరి శకం అక్కడితో సరి.

కాబట్టి మీ గ్రూపుకి మొదటి హెచ్చరిక: మీరు రాసుకున్న ప్రతి వాక్యం మేనేజ్‌మెంట్ కూడా చదువుతుందనుకుని రాయండి. పేర్లు వద్దు, సెక్షన్ పేరు కూడా చాలాసార్లు వద్దు.

మళ్ళీ ఇటలీకి. 1973 తర్వాత ఉద్యమం ఫ్యాక్టరీ గోడ దాటింది. 1974లో టూరిన్ దగ్గర బస్సు టికెట్ పెంచితే కార్మికులు పాత రేటే కడతామన్నారు, కట్టారు. తర్వాత కరెంటు బిల్లులు: పరిశ్రమలకిచ్చే రేటు ఇళ్ళకెందుకివ్వరని, తామే సగం చేసుకుని కట్టారు. బిల్లు అసలు కట్టకపోవడం కాదు, మేం తేల్చిన ధర ఇది అని కట్టడం. చాలాచోట్ల కింది స్థాయి యూనియన్ కార్యకర్తలే దాన్ని నడిపారు. 1977కి బొలోన్యాలో విద్యార్థులు, నిరుద్యోగులు, రేడియో అలీచే అనే సొంత రేడియో. మార్చి 11న ఒక విద్యార్థి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు, మర్నాడు రేడియో మూయించారు. 1978లో రెడ్ బ్రిగేడ్స్ అనే రహస్య సాయుధ సంస్థ వాళ్ళు మాజీ ప్రధాని అల్దో మోరోని కిడ్నాప్ చేసి చంపారు. 1979 ఏప్రిల్ 7న నెగ్రీతో సహా అటానమిస్టుల అరెస్టులు మొదలయ్యాయి. మోరో హత్య వెనక మెదడు నెగ్రీయే అన్న ఆరోపణ నిలవలేదు, వేరే కేసుల్లో శిక్ష పడింది. 1983లో జైలు నుంచే ఎంపీగా గెలిచి, ఫ్రాన్స్‌కి పారిపోయి, 1997లో తిరిగొచ్చి మిగతా శిక్ష అనుభవించాడు. ట్రోంటి దారి వేరు, కమ్యూనిస్టు పార్టీలోనే ఉండి తర్వాత సెనేటర్ అయ్యాడు. ఇద్దరూ 2023లోనే పోయారు.

ఇటలీలో దెబ్బతిన్నదే బయటి దేశాలకి ఎలా పాకింది? జైళ్ళు, ప్రవాసం, అనువాదాలు ఒక దారి. రెండో దారి స్త్రీలు, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మారియారోసా దల్లా కోస్తా ఇటలీలోని పాదువాలో ఈ ఉద్యమంలోనే పనిచేసింది. 1972లో ఆమె, లండన్‌లో ఉండే సెల్మా జేమ్స్ (సి.ఎల్.ఆర్. జేమ్స్ భార్య) కలిసి ఒక ప్రశ్న వేశారు: ఫ్యాక్టరీకి పొద్దున్నే వచ్చే ఆ కార్మికుణ్ణి తయారుచేసి పంపేది ఎవరు? అన్నం వండి, బట్టలుతికి, పిల్లల్ని కని పెంచి, అలసిన మనిషిని మర్నాటికి పనికొచ్చేలా చేసేది ఎవరు? ఆ పనికి జీతమెందుకు లేదు? అదే ఏడాది పాదువాలో ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా స్త్రీలు కలిసి "ఇంటిపనికి జీతం" ప్రచారం మొదలుపెట్టారు. సిల్వియా ఫెదరిచి న్యూయార్క్‌లో అందుకుంది. నల్లజాతి స్త్రీలు విడిగా తమ సంఘం పెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ళు తరాలుగా పరాయి వాళ్ళ ఇళ్ళల్లో ఈ పని చేస్తున్నారు, వాళ్ళకి ఇది థియరీ కాదు.

దీన్ని మన ఎన్నికల మేనిఫెస్టోల్లో మహిళలకి నెలకింత అనే హామీలతో కలపొద్దు. డబ్బు చేతికి రావడం మంచిదే, కాదనను. కానీ అక్కడ డిమాండ్ పదునంతా "ఇది ప్రేమ కాదు, పని, పనైతే ఆపనూ వచ్చు" అనడంలో ఉంది. ఆ పదును 2016, 2017ల్లో మళ్ళీ కనపడింది. అర్జెంటీనా, పోలండ్ స్త్రీలు సమ్మె అన్న మాటని వాడుకున్నారు, 2017 మార్చి 8న అనేక దేశాల్లో స్త్రీల సమ్మె జరిగింది. బ్యూనస్ ఐరిస్‌లో దాన్ని నడిపినవాళ్ళలో వెరోనికా గాగో లాంటివాళ్ళు నేరుగా ఈ సంప్రదాయం చదివినవాళ్ళే. ఒక ఆలోచన నలభై ఐదేళ్ళకి ఇంకో ఖండంలో వీధిలోకి రావడం, ప్రభావమంటే అదీ.

జర్మనీ గురించి క్లుప్తంగా. 1973 ఆగస్టులో కొలోన్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో టర్కీ కార్మికులు సమ్మెకి దిగారు. సెలవులకి ఊరెళ్ళి ఆలస్యంగా వచ్చారని సుమారు 300 మందిని తీసేయడం నిప్పు రాజేసింది. యూనియన్ వెనక నిలబడలేదు, పోలీసులు, సమ్మె విచ్ఛిన్నకారులు కలిసి దాన్ని అణిచేశారు. ఇటలీ పాఠాలకి అక్కడ అంతకన్నా తగిన చోటు లేదు. కానీ 1980ల్లో "ఆటోనోమెన్" అని పేరు పెట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఖాళీ ఇళ్ళ ఆక్రమణ, అణు విద్యుత్ వ్యతిరేకత, నల్ల బట్టల ఊరేగింపుల వైపు వెళ్ళారు. ఫ్యాక్టరీ గేటు పట్టుకుని ఉండిపోయింది "వైల్డ్‌క్యాట్" పత్రిక లాంటి చిన్న బృందాలే. బెర్లిన్, హాంబుర్గ్ ఇళ్ళ పోరాటాల మీద నాకు గౌరవముంది, కానీ అక్కడ మిగిలింది పేరు, వేషం. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు.

మెక్సికో విషయంలో రెండో హెచ్చరిక: నాయకుడు కనపడని ప్రతి ఉద్యమాన్నీ అటానమిస్టుల ఖాతాలో రాయొద్దు. 1994 జనవరి 1న, అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకొచ్చిన రోజే, దక్షిణ మెక్సికోలోని చియాపాస్‌లో జపతిస్తాలు అనే ఆదివాసీ తిరుగుబాటుదారులు లేచారు. వాళ్ళ వేర్లు మాయా గ్రామసభల్లో, విముక్తి వేదాంతం చెప్పిన చర్చిలో, పాత గెరిల్లా సంస్థలో ఉన్నాయి, టూరిన్‌లో కాదు. ప్రభావం ఎదురు దిశలో నడిచింది. టెక్సస్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న హ్యారీ క్లీవర్ లాంటి అటానమిస్టులు అప్పుడప్పుడే వస్తున్న ఈమెయిల్ ద్వారా ఆ వార్తల్ని ప్రపంచానికి చేరవేశారు. ప్యూబ్లాలో ఉండే జాన్ హాలోవే అధికారం చేజిక్కించుకోకుండా ప్రపంచాన్ని మార్చడం గురించి రాశాడు. ఇటలీలో మూతపడుతున్న ఉద్యమానికి చియాపాస్ ఊపిరిపోసింది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ళకి నెగ్రీ ఎవరో తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. వాళ్ళని కదిలించడానికి రాత్రి బడిలో చదువు, ఇంట్లో తాగుడు గోల చాలు.

అర్జెంటీనాలో మాత్రం సంబంధం సూటిగా ఉంది. 2001 డిసెంబర్ 19, 20ల్లో జనం గిన్నెలు వాయిస్తూ వీధుల్లోకి వచ్చి "అందరూ పోవాలి" అన్నారు. అధ్యక్షుడు హెలికాప్టర్‌లో వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీ లేని నిరుద్యోగి సమ్మె ఎలా చేస్తాడు? రోడ్డు ఆపుతాడు. సరుకు లారీ ఆగితే ఫ్యాక్టరీ ఆగినట్టే. పికెటేరోలు అలా చేశారు. బ్యూనస్ ఐరిస్ శివార్లలో సోలానో నిరుద్యోగుల సంఘంతో "కొలెక్తివో సిటుయాసియోనెస్" అనే చిన్న బృందం కలిసి కూర్చుని చేసిన రచనలు అల్క్వాతి పద్ధతికి నేను చూసిన మంచి కొనసాగింపు. న్యూకెన్‌లో జనోన్ టైల్స్ ఫ్యాక్టరీని కార్మికులే నడుపుకున్నారు, అయితే అక్కడి నాయకత్వంలో ట్రాట్స్కీయిస్టులున్నారు, దాన్ని కూడా ఈ ఖాతాలో వెయ్యకండి. 2003 తర్వాత కొత్త ప్రభుత్వం పథకాలిచ్చి, పదవులిచ్చి సంఘాల్లో చాలావాటిని తనవైపు తిప్పుకుంది. అధికారం వద్దనుకునేవాళ్ళ దగ్గరికి అధికారం వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలన్నదానికి వీళ్ళ దగ్గర జవాబు దొరకలేదు.

మీ మిత్రులు చదువుతున్న నెగ్రీ, హార్ట్‌ల "ఎంపైర్" 2000లో వచ్చింది. జెనీవా, జెనోవా అని తికమకపడకండి, 2001 జూలైలో జీ8 సదస్సు జరిగింది ఇటలీలోని జెనోవాలో, అక్కడికి వెళ్ళిన కుర్రాళ్ళ సంచుల్లో ఆ పుస్తకం ఉందంటారు. అందులో కార్మికవర్గం స్థానంలో "మల్టిట్యూడ్", అంటే జనసమూహం, వచ్చింది. నాకు ఆ మాటతో పేచీ ఉంది. అది అందరినీ కలుపుతుంది, కానీ సెంట్రిఫ్యూజ్ ఎక్కడుందో చెప్పదు. వర్గ కూర్పు అన్న మాట అడగమంటుంది, మల్టిట్యూడ్ అన్న మాట నమ్మమంటుంది. మీ మిత్రులకి ఇది నచ్చకపోవచ్చు.

ఈ మధ్య మళ్ళీ అడిగే పద్ధతి తిరిగొచ్చింది, డెలివరీ పనితో. 2016 ఆగస్టులో లండన్‌లో డెలివరూ అనే ఫుడ్ డెలివరీ కంపెనీ గంట జీతం తీసేసి డెలివరీకి ఇంత అని పెడతానంటే రైడర్లు సమ్మె చేశారు. యూనియన్లు చెప్తూ వచ్చింది ఒకటే: వీళ్ళు విడివిడిగా తిరుగుతారు, సంఘటితం కారు. మిరాఫియోరి కుర్రాళ్ళ గురించి కూడా ఇలాగే అన్నారు. రైడర్లకి వాట్సాప్ ఉంది, ఆర్డర్ల కోసం కాచుకునే చోట్లున్నాయి. ఈ సంగతి రాసినవాళ్ళలో కొందరు తామే సైకిల్ తొక్కినవాళ్ళు. హైదరాబాద్‌లో బిర్యానీ హోటళ్ళ ముందు బండ్ల మీద కూర్చున్న కుర్రాళ్ళని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మన దేశంలో? ఫరీదాబాద్ నుంచి "మజ్దూర్ సమాచార్" అనే హిందీ మాసపత్రిక 1982 నుంచి వచ్చింది. దాని వాళ్ళు మార్క్సిస్టు లెనినిస్టు నేపథ్యం నుంచి వచ్చి, సొంత అనుభవంతోనే ఇటలీ వాళ్ళకి దగ్గరైన చోటికి చేరారు. తర్వాతే యూరప్ బృందాలతో పరిచయాలు. షిఫ్టు మారే వేళకి ఓఖ్లా, ఉద్యోగ్ విహార్, మానేసర్ రోడ్ల మీద నిలబడి ఉచితంగా పంచేవాళ్ళు. నేనూ కొన్ని పొద్దులు నిలబడ్డాను, జనవరి చలిలో వేళ్ళు కొంకర్లు పోయేవి. ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో పేరా: 12 గంటల డ్యూటీ, ఓటీకి డబుల్ బదులు సింగిల్ రేటు, పీఎఫ్ కోస్తారు కానీ నంబరివ్వరు. వ్యాఖ్యానం తక్కువ. నడుస్తూనే తీసుకుని, నాలుగడుగులేశాక వెనక్కొచ్చి "మా కంపెనీది కూడా రాయండి" అనేవాళ్ళు. పత్రిక అలా తయారయ్యేది.

2011 జూన్‌లో మారుతి మానేసర్ ప్లాంటులో 13 రోజులు కార్మికులు లోపలే కూర్చున్నారు, పర్మనెంట్, కాంట్రాక్టు, అప్రెంటిస్ అందరూ కలిసి. టీకి, బాత్రూముకి కలిపి ఏడు నిమిషాలిచ్చే లైను అది. అక్టోబర్‌లో మళ్ళీ ఆగింది, పక్క ప్లాంట్లు కూడా ఆగాయి. సస్పెండైన 30 మంది నాయకులు డబ్బు తీసుకుని వెళ్ళిపోతే, అక్కడితో అయిపోయిందనుకున్నారు, కాలేదు. మిగిలినవాళ్ళు కొత్త యూనియన్ పెట్టుకున్నారు. 2012 జూలై 18న ఘర్షణలో ఒక మేనేజర్ చనిపోయారు, వందకి పైగా అరెస్టులు, 2,300 మందికి ఉద్యోగాలు పోయాయి. 2017లో కోర్టు 117 మందిని నిర్దోషులంది, 13 మందికి యావజ్జీవం వేసింది. అటానమిస్టులు ఆ ఉద్యమాన్ని నడపలేదు. కానీ నాయకులు పోయాక కూడా ఎందుకు ఆగలేదో అర్థం చేసుకోడానికి వాళ్ళ పద్ధతి మిగతావాళ్ళ విశ్లేషణల కన్నా నాకు ఎక్కువ సాయపడింది.

ఇక తెలుగులో ఎందుకు వినపడదంటే, తేదీలు చూడండి. మిరాఫియోరి మండుతున్న 1969లోనే శ్రీకాకుళం మండుతోంది. మన ప్రశ్న భూమి, గిరిజనుల పంట, షావుకారు. అసెంబ్లీ లైను గురించి ఇటలీలో ఎవరో రాసింది ఇక్కడ ఎవరికి పట్టాలి? రష్యా, చైనా పుస్తకాలు తెలుగులో కుప్పలుగా వచ్చాయి, ఇటలీవి ఇంగ్లీషులో కూడా ఆలస్యంగా, అక్కడక్కడా దొరికాయి. ఇంకోటి, మన ఎడమపక్షాల్లో గొడవలన్నీ ఏది సరైన పార్టీ అన్నదాని మీదే నడిచాయి. పార్టీ అవసరమా అని అడిగినవాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలిసేది కాదు, ఆ ఇబ్బంది నాకు స్వయంగా తెలుసు.

మూడో సంగతి కులం. ఇటలీ పనిముట్టు ఇక్కడ ఉన్నదున్నట్టుగా పనిచెయ్యదు. మా ప్లాంటులో ఆపరేటర్లెవరు, హెల్పర్లెవరు, టాయిలెట్లు కడిగేదెవరు అన్నది యంత్రం ఒక్కటే నిర్ణయించలేదు. ఆ బరంపురం కుర్రాడు కూర్చున్న బల్ల మీద మా ఆపరేటర్లు టిఫిన్ విప్పేవాళ్ళు కాదు. దక్షిణ ఇటలీ వాడికి అద్దె ఇల్లు దొరకకపోవడానికీ దీనికీ పోలిక ఉంది, కానీ పోలికతో సరిపెట్టుకుంటే మూడు నెలల్లో దెబ్బతింటారు. మా 64 ప్రశ్నల్లో కులం మీద ఒక్కటీ లేదు. మాకు అడగడానికి మొహమాటం, వాళ్ళకి చెప్పడానికి భయం.

అందుకని మీ చివరి ప్రశ్నకి నా సలహా: పుస్తకాల చర్చ తర్వాత పెట్టుకోండి. మీలో ఒక్కరైనా ఆ వాడలో పనిచేసేవాళ్ళో, చేసి మానేసినవాళ్ళో ఉండాలి, లేకపోతే మొదలుపెట్టకండి. కాగితం లేకుండా వెళ్ళండి. మేం తర్వాత ఆ 64 ప్రశ్నల్ని 11కి తెచ్చాం. మొదటిది "నిన్న డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి చెప్పు", ఏడోది "అన్నం ఎవరితో కూర్చుని తింటావు". సగంమంది రెండో ప్రశ్న దాకా రానివ్వరు, వాళ్ళే చెప్పుకుంటూ పోతారు. మీరు ఏ ఏరియాలో, ఏ రకం ఫ్యాక్టరీల దగ్గర అనుకుంటున్నారో రాయండి. మందులదైతే ఆ జాబితా ఉన్నదున్నట్టే పంపిస్తాను, గార్మెంట్స్ అయితే నాలుగైదు మార్చాలి.